హార్వీ వరదలో ఐదు రాత్రులు: ఒక మసీదు సహాయ శిబిరంపై సమీక్ష

హ్యూస్టన్‌లో తుపానుల కాలం ఏటా జూన్ 1న మొదలై నవంబరు 30 దాకా సాగుతుంది. ఆ ఆరు నెలల్లో, ఈ ఊరికి కొత్తగా వచ్చిన మనవాళ్లలో ఎవరో ఒకరు నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: మీ ఇల్లు మునిగినప్పుడు ఎక్కడికి వెళ్లారు, అక్కడ ఎలా చూసుకున్నారు? ఇన్నాళ్లూ నోటిమాటగా చెబుతూ వచ్చిన సమాధానాన్ని ఈసారి పద్ధతిగా రాస్తున్నాను. హార్వీ తుపాను ఈ ఊరిని ముంచిన 2017లో, ఆగస్టు 28, సోమవారం మధ్యాహ్నం నుంచి సెప్టెంబరు 2, శనివారం ఉదయం దాకా, అంటే ఐదు రాత్రులు, మా కుటుంబం పడమటి హ్యూస్టన్‌లోని ఒక మసీదు నడిపిన సహాయ శిబిరంలో తలదాచుకుంది. హోటళ్ల గురించి రాసేవారు పడకనూ, స్నానాల గదినీ, భోజనాన్నీ, సిబ్బంది మర్యాదనూ చూసి మార్కులు వేసినట్టే నేనూ వేస్తున్నాను. ఉచితంగా ఆదుకున్నవారికి మార్కులు వేయడమేమిటని మా వారు అభ్యంతరం చెప్పారు గానీ, రేపు అక్కడికి వెళ్లేవారికి ఆ లోపాలు తెలియకుండా దాచిపెట్టడం నాకు మర్యాదగా తోచలేదు. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి మసీదు పేరు మాత్రం రాయడం లేదు. నా లెక్కలో ఆ శిబిరానికి ఐదు నక్షత్రాలకు నాలుగు.

మాది అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా, రేపల్లె ప్రాంతానికి చెందిన నూర్‌బాషా ముస్లిం కుటుంబం. మా వారు హెచ్-1బి వీసా మీద పనిచేసే ఇంజనీరు. మా పెద్దమ్మాయి గుంటూరులో పుట్టింది. అప్పటికి మూడేళ్లున్న మా చిన్నవాడు హ్యూస్టన్‌లోనే పుట్టాడు. ఆ వేసవిలో మా అమ్మ విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉంది. మేము అద్దెకున్న ఇల్లు బార్కర్ జలాశయానికి ఎగువన ఉండేది. బార్కర్, దాని పక్కనే ఉన్న ఆడిక్స్, ఈ రెండింటినీ 1929, 1935 వరదల తరువాత, హ్యూస్టన్ నడిబొడ్డును కాపాడడానికి అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం 1940లలో కట్టింది. మామూలు రోజుల్లో వీటిలో నీరుండదు. లోపల పార్కులూ, నడక దారులూ ఉంటాయి. భారీ వాన పడినప్పుడు మాత్రమే గేట్లు మూసి నీటిని నిలబెడతారు. ఆ నీరు ప్రభుత్వం సేకరించిన భూమి హద్దును దాటి పైకి తన్నుకొచ్చే చోట కూడా ఇళ్లు కట్టి అమ్మారనీ, మా అద్దె ఇల్లు అలాంటి చోటే ఉందనీ, నీరు గడప దగ్గరికి వచ్చాక గానీ మాకు తెలియలేదు. ఎగువన మునిగిన ఇళ్ల విషయంలో బాధ్యత ప్రభుత్వానిదేనని 2019 డిసెంబరులో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు తీర్పు చెప్పింది. అది ఇళ్ల యజమానుల కథ కాబట్టి ఇక్కడ దాని జోలికి వెళ్లను.

హార్వీ ఆగస్టు 25, శుక్రవారం రాత్రి రాక్‌పోర్ట్ దగ్గర నాలుగో శ్రేణి తుపానుగా తీరం దాటింది. హ్యూస్టన్‌ను ముంచింది దాని గాలి కాదు, కదలకపోవడం. లోపలికి వచ్చిన తుపానును ముందుకు నెట్టే గాలులు లేక అది టెక్సస్ తీరం మీదే రోజుల తరబడి తచ్చాడుతూ మెక్సికో సింధుశాఖలోని తేమనంతా తోడి పోసింది. నెడర్లాండ్ అనే ఊళ్లో మొత్తం 60.58 అంగుళాల వాన నమోదైంది. మన కోస్తాలో ఏడాది పొడవునా కురిసే వాన కూడా అంత ఉండదు. మా అమ్మకు నీళ్లు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన నాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. ఆ రాత్రి రేపల్లె తాలూకాలోని తమ ఊళ్లో చింతచెట్టు కొమ్మ పట్టుకుని తెల్లవార్లూ గడిపిన మనిషి. సోమవారం ఉదయం మా హాల్లో సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, పాదం ఎత్తున చప్పుడు లేకుండా నిలిచిన నీళ్లను చాలాసేపు చూసి, "ఉప్పెన నీళ్లు దొంగల్లే వచ్చి దొంగల్లే పోయినయ్ అమ్మాయ్. ఇవేంటి, చుట్టాల్లే వచ్చి కూర్చున్నయ్!" అంది. ఉప్పెన అంటే గాలి తోసుకొచ్చిన సముద్రం. గాలి తగ్గితే వెనక్కి పోతుంది. మా ఇంట్లోకి వచ్చింది ఆనకట్ట వెనుక ఆగిన వాన నీరు. గేట్లు వదిలితే దిగువ ఇళ్లు మునుగుతాయి, వదలకపోతే ఎగువ ఇళ్లు మునుగుతాయి. ఆ నీరు మా వీధిలో పది రోజులకు పైగా ఉంది. అమ్మ అన్న మాట అక్షరాలా నిజమైంది.

మమ్మల్ని ఇంట్లోంచి తీసుకెళ్లింది చేపల వేటకు వాడే పడవేసుకుని తనంతట తాను వచ్చిన ఒక ముక్కూముఖం తెలియని మనిషి. మా పక్కింటి మెక్సికన్ కుటుంబమూ, వారి ముసలి కుక్కా అదే పడవలో ఎక్కారు. పడవ దిగిన చోట పికప్ ట్రక్కుతో నిలబడి ఉన్న కుర్రవాడు మసీదు శిబిరం దగ్గరలో ఉందన్నాడు. పక్కింటివారు మావైపు చూశారు. ముస్లింలు కానివారిని రానిస్తారా అని వారు అడగలేదు గానీ, ఆ ప్రశ్న వారి ముఖంలో కనిపించింది. నాకు మాత్రం సమాధానం ఏం తెలుసు?

ఇక సేవ విషయానికి వస్తాను. తలుపు దగ్గర ఒక మడత బల్ల, దాని వెనుక హిజాబు వేసుకున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. వారు అడిగినవి మూడే ప్రశ్నలు: ఎంతమంది ఉన్నారు, మందులు ఏవైనా కావాలా, తినకూడనివి ఏమైనా ఉన్నాయా. మతం అడగలేదు, వీసా అడగలేదు, గుర్తింపు కార్డు అడగలేదు. ఇది చిన్న విషయమని అనుకోకండి. వలస వచ్చినవారి కాగితాల గురించి స్థానిక పోలీసులు ఆరా తీయడానికి దారి ఇచ్చే కొత్త రాష్ట్ర చట్టం ఆ సెప్టెంబరు 1నే అమలులోకి రావాల్సి ఉంది. ఆగస్టు 30న ఒక ఫెడరల్ న్యాయమూర్తి అందులో చాలా భాగాన్ని నిలిపివేసేదాకా, కాగితాలు సరిగ్గా లేనివారు ఎందరో శిబిరాలకు వెళ్లడానికే జంకారు. అదే ఏడాది జనవరి 28న, మాకు నైరుతిగా ఉన్న విక్టోరియా పట్టణంలో మసీదును తగలబెట్టారు కాబట్టి భయం లోపలివారికి కూడా ఉండాలి. అయినా తలుపు బార్లా తెరిచే ఉంచారు. పక్కింటి పెద్దావిడ చేతిలో జపమాల చుట్టుకుని లోపలికి వచ్చింది. ఎవరూ దానివైపు రెండోసారి చూడలేదు. కుక్కను మాత్రం నమాజు హాల్లోకి రానీయకుండా ఆదివారం బడి నడిచే తరగతి గదుల్లో ఒకదాన్ని దానికీ, మరో రెండు పిల్లులకూ కేటాయించారు. చెప్పుల అరల పక్కన కాగితం మీద స్పానిష్‌లో దారి రాసి అంటించిన శ్రద్ధకు అరనక్షత్రం అదనంగా ఇవ్వవచ్చు.

పడక గురించి. మొదటి రెండు రాత్రులు తివాచీ మీదే దుప్పట్లు పరుచుకున్నాం. మూడో రోజుకు మడత మంచాలు వచ్చాయి. అమెరికాలో ఖిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పే మక్కా దిక్కు, ఈశాన్యంగా ఉంటుంది కాబట్టి, నమాజు వరుసల గీతలు ఈ మసీదులో గోడలకు ఏటవాలుగా పోతాయి. మంచాలు తెచ్చిన కుర్రవాళ్లు ఆ గీతల వెంటే వాటిని ముచ్చటగా సర్ది వెళ్లారు. అమ్మ వచ్చి చూసి మంచం ఎక్కనంది. కాళ్లు ఖిబ్లా వైపు వస్తున్నాయట. అరబ్బు కుర్రవాడొకడు అలాంటి నియమం ఏదీ లేదని వినయంగా చెప్పబోయాడు, కానీ అతని పక్కనున్న నడివయసు మనిషి అతని భుజం మీద చెయ్యి వేసి ఆపి, ఒక్క మాట మాట్లాడకుండా అమ్మ మంచాన్ని తిప్పాడు. దాన్ని చూసి మరో ముగ్గురు ముసలివాళ్లు తమ మంచాలు కూడా తిప్పించుకున్నారు. ఏసీ రాత్రంతా చలిగా ఉండేది, దుప్పట్లు చాలలేదు. ఆడవారికి పైఅంతస్తు, కుటుంబాలకు కింది హాలు, ఒంటరి మగవారికి వ్యాయామశాల అని విడగొట్టిన పద్ధతి వల్ల నేను ఐదు రాత్రులూ భయం లేకుండా నిద్రపోయాను. తల్లులకు ఇంతకు మించి చెప్పనవసరం లేదు.

నక్షత్రం తగ్గింది స్నానాల దగ్గర. మసీదు ఐదు పూటల నమాజుకు కట్టిన కట్టడం, మనుషులు కాపురం ఉండడానికి కాదు. రెండు వందల మందికి పైగా ఉన్న చోట షవర్లు రెండే, అవి కూడా వ్యాయామశాల వైపు, మగవారి దుస్తుల గదిలో. ఆడవారికి వేళలు కేటాయించారు గానీ, ఆ వేళకు వెళితే లోపల ఎవరో ఒకరు ఉండేవారు. ఊరికే అలసట తీరడానికి చేసే స్నానమైతే రెండు రోజులు ఓర్చుకోవచ్చు. మేము నడుము లోతు మురుగు కలిసిన నీటిలో నడిచి వచ్చిన వాళ్లం. మా అమ్మాయి మోకాళ్ల కింద అప్పటికే దద్దుర్లు లేచాయి. చివరికి దారి చూపింది వుజూ గది, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కునే గది. వరుసగా రాతి పీటలు, ఎదురుగా మోకాలి ఎత్తున కుళాయిలు, కింద నీళ్లు పోయే కాలువ: మా ఊరి పెరటి స్నానానికి ఇంతకంటే ఏం కావాలి? అమ్మ ఒక చివర దుప్పటి అడ్డం కట్టించి, వంటగదిలోంచి పాలు కొలిచే ప్లాస్టిక్ జగ్గు తెప్పించి, పీట మీద కూర్చుని తలారా పోసుకుంది. ఆ తరువాత పక్కింటి పెద్దావిడను చేయి పట్టుకుని తీసుకొచ్చి, సైగలతోనే కూర్చోబెట్టి, వీపు రుద్ది పోసింది. సాయంత్రానికి ఆ దుప్పటి ముందు పది మంది ఆడవాళ్ల వరుస ఏర్పడింది. కానీ ప్రతి నమాజుకూ గంట ముందు దుప్పటి విప్పి, నేల కడిగి, గది అప్పగించాల్సి వచ్చేది. ఆ పని ఎవరిదో తేల్చలేదు కాబట్టి రోజూ మాటలు పెరిగేవి. వారం రోజులు జనాన్ని ఉంచుకోవాలని తలపెట్టినవారు ఈ ఏర్పాటును ముందే ఆలోచించి ఉండాల్సింది.

భోజనానికి కొదవ లేదు, మార్పు లేదు. చుట్టుపక్కల హోటళ్ల నుంచి అల్యూమినియం ట్రేలలో బిర్యానీ వచ్చేది, మధ్యాహ్నమూ రాత్రీ అదే. హలాలా కాదా అని వెతుక్కోవాల్సిన పని లేకపోవడం పెద్ద ఊరట, కానీ మధుమేహం ఉన్న మా అమ్మకు మూడు పూటలా అన్నమూ బ్రెడ్డే దిక్కయింది. మందుల బల్ల దగ్గర కూర్చున్న డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఆ సాయంత్రానికే తెచ్చిచ్చారు. మాత్రలిచ్చి బిర్యానీ పెట్టడం ఏమి వైద్యమో నాకు బోధపడలేదు. నాలుగో రోజు ఎవరో పెసరపప్పు, పాలకూర వండి తెచ్చారు. అది పది నిమిషాల్లో అయిపోయింది.

భాష విషయంలో మా అనుభవం మిగతావారి అనుభవం లాంటిది కాదు, అయినా చెప్పాలి. అక్కడ వలంటీర్లు ఇంగ్లీషు, ఉర్దూ, అరబ్బీ, స్పానిష్ మాట్లాడేవారు. మా పేర్లు చూడగానే అందరూ ఉర్దూ అందుకునేవారు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ తెలుగే. ఉర్దూ నాలుగు ముక్కలకు మించి రాదు. ముస్లిం అయి ఉండి ఉర్దూ రాకపోవడమేమిటన్న చూపు మాకు గుంటూరులో అలవాటే, హ్యూస్టన్‌లోనూ తప్పలేదు. రెండో రోజు దుప్పట్లు పంచుతున్న ఒక హైదరాబాదు ఆవిడ, అమ్మ నాతో గొణుగుతున్నది విని గిరుక్కున తిరిగి, "ఏడికెల్లి వచ్చిండ్రు అమ్మా మీరు? తెలుగోళ్లా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అమ్మ ముఖం విప్పారిన తీరు నేను ఆ వారంలో మళ్లీ చూడలేదు. ఆనాటి నుంచి ఆవిడే మాకు శిబిరం. ఏ బల్ల దగ్గర ఏమిస్తారో, ఎవరిని అడిగితే పని అవుతుందో ఆవిడ ద్వారానే తెలిసింది. ఇది ఆవిడ మంచితనమే గానీ శిబిరం ఏర్పాటు కాదు, కాబట్టి మార్కులు ఆవిడకే చెందుతాయి.

నేను పూర్తి మార్కులు వేసేది కాగితాల బల్లకు. అక్కడ కూర్చున్న యువ న్యాయవాది మాకు అరగంటలో చెప్పిన విషయాలు మేమే తెలుసుకోవాలంటే నెల పట్టేది. అద్దె ఇంటికి తీసుకునే మామూలు బీమా వరదకు వర్తించదు. వరద బీమా వేరుగా తీసుకోవాలి, తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తరువాత గానీ అమలులోకి రాదు. అంటే తుపాను వార్త విని పరుగెత్తినా లాభం లేదు. మాకు అది లేదు. అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫెమా ఇచ్చే నగదు సహాయం పౌరులకూ, గ్రీన్ కార్డు వంటి అర్హత ఉన్నవారికే తప్ప హెచ్-1బి మీద ఉన్నవారికి రాదు. ఈ మాట వినగానే మా వారు కుర్చీ వెనక్కి జరిపి లేవబోయారు. ఆ అమ్మాయి ఆపి, "ఇంట్లో ఇక్కడ పుట్టిన పిల్లలు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. అప్పుడు మా చిన్నవాడు బల్ల కింద ఎవరివో తడి బూట్లు వరుసగా పేర్చుకుంటున్నాడు. ఇంట్లో మైనరు పిల్లలు అమెరికా పౌరులైతే వారి తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేసుకోవచ్చట; బిడ్డ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే చాలట. కుటుంబం మొత్తం ప్రభుత్వం దృష్టిలో ఆ మూడేళ్ల వాడి వెనుక నిలబడింది. వాడి కార్డు నా చేతిసంచిలో ప్లాస్టిక్ కవరులో ఉంది కాబట్టి దరఖాస్తు అక్కడికక్కడే పూర్తయింది. ఆ ఏడాది ఒక కుటుంబానికి ఇచ్చే గరిష్ఠ సహాయం 33,300 డాలర్లు. మాకు వచ్చింది అందులో చిన్న భాగమే, అయినా రెండు మంచాలకూ, ఒక పాత కారుకూ సరిపోయింది. హెచ్-1బి మీద ఉన్న తెలుగువారు ఈ పేరా మాత్రం రెండుసార్లు చదవండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి అప్పటికి ఉన్నవి ఏమిటో ముందే కనుక్కోండి, పిల్లల కార్డులు ఎత్తున పెట్టుకోండి.

ఒక చోట మాత్రం సేవలో నైపుణ్యం చాలలేదు. గురువారం సాయంత్రం నిర్వాహకుల్లో ఒకరు మా వారిని హాలు మధ్యలోనే పిలిచి, జకాత్ (ముస్లింలు ఏటా తప్పక తీయాల్సిన దానం) నిధి నుంచి అంటూ ఒక కవరు చేతిలో పెట్టారు. ఏటా రంజాన్‌లో లెక్క వేసి జకాత్ తీసే మనిషి మా వారు. ఇచ్చే చేయి పుచ్చుకునే చేయి కంటే మేలన్న మాటను పిల్లలకు నేర్పిన మనిషి, నలుగురు చూస్తుండగా అరచేయి వెల్లకిలా పట్టాల్సి వచ్చింది. కవరు తీసుకున్నారు, ఆ రాత్రి భోజనానికి రాలేదు. అదే పని కాగితాల బల్ల దగ్గర, తలుపు వేసి చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

సెప్టెంబరు 1 బక్రీదు, అదీ శుక్రవారం. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మంచాలన్నీ మడిచి వ్యాయామశాలలో పేర్చారు, తివాచీ మీద మళ్లీ ఏటవాలు గీతలు బయటపడ్డాయి. ఇళ్లు మునగనివారు కొత్త బట్టలతో, అత్తరు వాసనతో వచ్చారు. మేము దానంగా వచ్చిన బట్టల పెట్టెలోంచి ఏరుకున్న టీషర్టులతో వారి పక్కనే వరుసలో నిలబడ్డాం. నా టీషర్టు మీద ఏదో ఫుట్‌బాల్ జట్టు ఎద్దు బొమ్మ ఉంది. దాని మీద చున్నీ ఎంత లాగినా కొమ్ములు బయటే. 1977లో కూడా ఉప్పెన వచ్చిన రెండు మూడు రోజులకే బక్రీదు వచ్చిందనీ, ఆ ఏడు ఊళ్లో కోయడానికి మేక అన్నదే మిగలలేదనీ, సహాయానికి వచ్చినవారు పంచిన అటుకులూ బెల్లమే పండుగయ్యాయనీ అమ్మ ఆ ఉదయం మొదటిసారి చెప్పింది. మా కుర్బానీ ఎప్పటిలాగే రేపల్లెలో మా అన్నయ్య చేయించాడు. మధ్యాహ్నం శిబిరంలో అందరికీ మాంసం వండారు. పక్కింటివారు ఎందుకీ పండుగ అని అడిగితే మా అమ్మాయి ఇబ్రాహీం ప్రవక్త కథ చెప్పింది. పెద్దావిడ తలూపుతూ, అది తమకూ తెలిసిన కథేనని, పేరొక్కటే వేరని అంది.

వేరే శిబిరాలతో పోల్చమని కొందరు అడుగుతారు. నడిబొడ్డునున్న జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో రద్దీ ఎక్కువైన రోజుల్లో పదివేల మంది దాకా ఉన్నారు. మా వారి సహోద్యోగి కుటుంబం అక్కడ రెండు రాత్రులు గడిపి, వస్తుసామగ్రికి లోటు లేదుగానీ పిల్లవాడు తప్పిపోతే వెతకడానికి గంట పట్టిందని చెప్పింది. పెద్ద వైద్య అవసరం ఉన్నవారు అలాంటి చోటికే వెళ్లడం మంచిది. ముసలివారితో, చంటిపిల్లలతో ఉన్నవారు, ముఖ్యంగా హలాల్ తిండి, ఆడవారి మరుగు గురించి ఆలోచించేవారు ఏ మతంవారైనా సరే, ఇలాంటి చిన్న శిబిరాన్ని ఎంచుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఒక మగ్గు, ఒక పాత చీర లేదా దుప్పటి, చక్కెర వ్యాధి ఉన్నవారు వేయించిన శనగలో అటుకులో కాసిని, రాత్రికి స్వెట్టరు తీసుకెళ్లండి.

శనివారం ఉదయం మేము బయలుదేరుతుంటే శిబిరం చూసుకున్న పెద్దమనిషి వచ్చి, ఏదైనా లోటు జరిగిందా అని అమ్మను అడిగారు. మొహమాటానికి లేదనేస్తుందనుకున్నాను. "కడుపు నిండా పెట్టావు నాయనా. స్నానాల గది కట్టించు, అందులో మగ్గు పెట్టించు" అంది. హైదరాబాదు ఆవిడ దాన్ని ఉర్దూలోకి మార్చి చెబితే ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి నిజంగానే రాసుకున్నారు.

ఈ సమీక్ష రాసే ముందు పాత సమాచారం ఇవ్వకూడదని మసీదుకు ఫోను చేశాను. వెనుక వైపు నాలుగు స్నానాల గదులు కట్టారట, ఆడవారికి రెండు, మగవారికి రెండు. షవరుతో పాటు కిందుగా ఒక కుళాయి, కూర్చోవడానికి పీట, పక్కన ప్లాస్టిక్ మగ్గు ఉన్నాయని ఫోనెత్తిన కుర్రవాడు చెప్పాడు. షవరు ఉండగా మగ్గు ఎందుకు పెట్టారో అతనికి తెలియదట.